సాండీ కోఫాక్స్: ఆ ఎడమచేయి ఎవరిది?

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది అమెరికా బేస్‌బాల్ చరిత్రలో అగ్రశ్రేణికి చెందిన ఎడమచేతి వాటం పిచర్ సాండీ కోఫాక్స్ గురించి. 1955 నుంచి 1966 దాకా పన్నెండు సీజన్ల పాటు, మొదట బ్రూక్లిన్‌లోనూ ఆ తరవాత లాస్ ఏంజెలెస్‌లోనూ, డాడ్జర్స్ అనే ఒకే ఒక్క జట్టుకు ఆడి, ముప్పై ఏళ్ల వయసులో, తనను మించిన పిచర్ ఎవరూ లేని రోజుల్లో, ఆయన తనంతట తానుగా ఆట మానుకున్నారు. ఆయన గెలిచిన ఆటలు 165, ఓడినవి 87. గెలుపుల సంఖ్య ఒక్కటే కొలమానమైతే ఆయనకంటే ముందు నిలిచే ఎడమచేతి పిచర్లు ఎందరో ఉన్నారు: వారెన్ స్పాన్ 363 ఆటలు గెలిచారు, స్టీవ్ కార్ల్‌టన్ 329, రాండీ జాన్సన్ 303. అయినా, తప్పక గెలవాల్సిన ఒక్క ఆటకు బంతి ఎవరి చేతికివ్వాలి అన్న చర్చ వచ్చినప్పుడల్లా కోఫాక్స్ పేరు మొదటి వరసలోనే వినబడుతుంది. ఆ చేతి మహిమను పొగిడినవారికి కొదవలేదు. నన్ను చాలాకాలంగా పట్టి ఉంచిన ప్రశ్న మాత్రం వేరు: ఆ చేయి జట్టుదా, జనానిదా, లేక ఆ మనిషిదా? ఆయన జీవితంలోని ముఖ్యమైన ఘట్టాలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయని నా నమ్మకం.

మనలో ఎక్కువమందికి క్రికెట్ తెలిసినంతగా బేస్‌బాల్ తెలియదు కాబట్టి, ఆటలో మనకు అవసరమైన మేరకు నాలుగు మాటలు చెప్పి ముందుకు వెళతాను. పిచర్ బంతి వేసేది 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి. క్రికెట్‌లోలా పరుగెత్తుకుంటూ రావడం లేదు, బంతి నేలను తాకి లేవడం లేదు. మట్టి దిబ్బ మీద నిలబడి, మోచేయి వంచి, బలమంతా ఒక్క విదిలింపులో పెట్టి విసరాలి. కోఫాక్స్ రోజుల్లో ఆ దిబ్బ ఎత్తు 15 అంగుళాలు ఉండేది. 1969లో దాన్ని 10 అంగుళాలకు తగ్గించారు. బ్యాటర్ కొట్టబోయి తప్పిన బంతి, లేదా గురిలో పడినా వదిలేసిన బంతి స్ట్రైక్. మూడు స్ట్రైక్‌లు పడితే బ్యాటర్ అవుట్, దాన్నే స్ట్రైక్‌అవుట్ అంటారు. నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కు మొదటి బేస్ ఉచితంగా దక్కుతుంది. మూడు బేస్‌లూ చుట్టి, బయల్దేరిన చోటికి, అంటే ఇంటికి, తిరిగి వస్తే ఒక పరుగు. ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కు మూడు అవుట్‌లు, అంటే మొత్తం 27. బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరితే అది హిట్. ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా పూర్తి చేస్తే నో-హిట్టర్. ఒక్కరిని కూడా మొదటి బేస్ చేరనివ్వకుండా వరసగా 27 మందిని అవుట్ చేస్తే దాన్ని పర్ఫెక్ట్ గేమ్ అంటారు. పిచర్ నాణ్యతను తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల సగటుతో కొలుస్తారు. ఫీల్డర్ల తప్పిదాల వల్ల వచ్చిన పరుగులు అందులో లెక్కకు రావు. ఆ సగటు మూడుకు దిగువన ఉంటే చాలా గొప్ప.

కోఫాక్స్ 1935 డిసెంబర్ 30న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. పుట్టినప్పటి పేరు శాన్‌ఫర్డ్ బ్రాన్. తల్లిదండ్రులు ఆయన పసితనంలోనే విడిపోయారు. ఆయనకు తొమ్మిదేళ్లప్పుడు తల్లి ఇర్వింగ్ కోఫాక్స్‌ను పెళ్లాడారు, ఆ ఇంటి పేరే ఈయనకూ వచ్చింది. కుర్రతనంలో ఆయన ప్రాణమంతా బాస్కెట్‌బాల్ మీదే. సిన్సినాటీ విశ్వవిద్యాలయంలో చేరి అక్కడి బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతూ, 1954 వసంతంలో బేస్‌బాల్ జట్టులోకి కూడా వెళ్లారు. ఆ ఒక్క సీజన్‌లో 32 ఇన్నింగ్స్ వేసి 51 మందిని స్ట్రైక్‌అవుట్ చేశారు, 30 మందికి గురి తప్పి ఉచితంగా బేస్ ఇచ్చారు. బంతి వేగం, దాన్ని అదుపులో పెట్టలేకపోవడం, రెండూ ఆ రెండు సంఖ్యల్లోనే కనిపిస్తున్నాయి.

1954 డిసెంబర్‌లో బ్రూక్లిన్ డాడ్జర్స్ ఆయనతో ఒప్పందం కుదుర్చుకుంది: 6,000 డాలర్ల జీతం, 14,000 డాలర్ల బోనస్. ఆయన తొలి ఆరేళ్ల కష్టాలకు బీజం ఈ బోనస్‌లోనే ఉంది. డబ్బున్న జట్లు కుర్రాళ్లందరినీ ఎగరేసుకుపోకుండా ఆపడానికి అప్పట్లో ఒక నియమం ఉండేది. 4,000 డాలర్లకు మించి బోనస్ ఇచ్చిన కొత్త ఆటగాణ్ని రెండేళ్ల పాటు పెద్ద జట్టులోనే ఉంచాలి, శిక్షణ కోసం దిగువ లీగ్‌లకు పంపకూడదు. పంతొమ్మిదేళ్ల కోఫాక్స్‌కు కావలసింది ఆ దిగువ లీగ్‌లలో రోజూ బంతి విసురుతూ, తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ గడిపే రెండేళ్లు. దక్కింది ఛాంపియన్ జట్టు బెంచీ మీద చోటు. ఆయనకు చోటు కల్పించడానికి జట్టు దిగువకు పంపిన ఎడమచేతి పిచర్ టామీ లసోర్డా. తరవాతి కాలంలో డాడ్జర్స్ మేనేజర్‌గా పేరు మోసినవాడు ఈయనే.

1955 సీజన్ అంతటిలో కోఫాక్స్ వేసినది 42 ఇన్నింగ్స్ కూడా లేదు. అందులో ఆగస్టు 27న సిన్సినాటీ మీద రెండే హిట్లు ఇచ్చి, 14 మందిని స్ట్రైక్‌అవుట్ చేసి, పరుగే ఇవ్వకుండా గెలిచిన ఆట ఉంది. ఆ ఏడాది డాడ్జర్స్, నేషనల్, అమెరికన్ లీగ్‌ల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్ గెలిచినా ఆయనకు అందులో ఆడే అవకాశం రాలేదు. అప్పటికే ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ తరగతులకు వెళుతున్నారు. బ్రూక్లిన్ చరిత్రలో ఆ మొట్టమొదటి సిరీస్ విజయం దక్కిన రోజున కూడా ఆట ముగిశాక తరగతికి వెళ్లారు.

ఆ తరవాతి అయిదేళ్లూ నడిచింది అదే తంతు. 1958లో జట్టు లాస్ ఏంజెలెస్‌కు తరలివెళ్లింది. 1959 ఆగస్టు 31న జయింట్స్ మీద 18 మందిని స్ట్రైక్‌అవుట్ చేసి బాబ్ ఫెల్లర్ రికార్డును సమం చేశారు. కానీ అంతటి ఆట వేసిన మనిషికి కూడా వారాల తరబడి బంతి దక్కని సందర్భాలు ఉండేవి. గురి తప్పితే మేనేజర్ బయటికి తీసేవారు. తీస్తే అభ్యాసం ఉండదు. అభ్యాసం లేక గురి మళ్లీ తప్పేది. 1960 ముగిసేసరికి ఆయన గెలుపులు 36, ఓటములు 40. ఆ సీజన్ చివర తన గ్లోవులూ బూట్లూ చెత్తడబ్బాలో పడేసి, ఇక చాలనుకున్నారు. డాడ్జర్స్ డ్రెస్సింగ్ రూమ్ బాధ్యత చూసే నోబ్ కవానో వాటిని తీసి దాచిపెట్టారు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. కోఫాక్స్ కథను ఆరేళ్ల వైఫల్యం, ఆరేళ్ల అద్భుతం అని రెండుగా చీల్చి చెప్పడం అందరికీ అలవాటు. నాకది సమ్మతం కాదు. మొదటి ఆరేళ్లలో విఫలమైనది ఆ చేయి కాదు, దాన్ని వాడుకునే తీరు తెలియని వ్యవస్థ. అంతటి ప్రతిభకు నిలకడగా పని ఇచ్చి ఉంటే ఫలితం ముందే వచ్చేదని 1961 చూసినవారెవరూ కాదనలేరు.

1961 వసంతకాలపు శిక్షణలో, ఫ్లోరిడాలోని ఓర్లాండోలో, మిన్నెసోటా ట్విన్స్ జట్టుతో లెక్కలోకి రాని ఒక సన్నాహక ఆట జరిగింది. మొదటి ఇన్నింగ్స్‌లోనే బంతులు గురి తప్పి బేస్‌లు నిండిపోయాయి. అప్పుడు బ్యాటర్ వెనక కూర్చుని బంతి అందుకునే క్యాచర్ నార్మ్ షెర్రీ దిబ్బ దగ్గరికి వచ్చి, అంత బలంగా విసరవద్దని, కాస్త వేగం తగ్గించి, బ్యాటర్లను కొట్టనివ్వమని చెప్పారు. కోఫాక్స్ ఆ మాట విన్నారు. వేగం తగ్గించానని ఆయన అనుకున్నారే గాని, అందుకుంటున్న షెర్రీకి బంతి మునుపటికంటే వేగంగా వస్తున్నట్టు తోచింది. బలవంతం పోయి ఒంటి బిగువు సడలేసరికి భుజం, మోచేయి, మణికట్టు ఒకదాని తరవాత ఒకటి తమ వంతు పని చేశాయి. ఆ ఆటలో ఏడు ఇన్నింగ్స్ పాటు ఆయన హిట్ ఇవ్వలేదు. ఆ ఏడాదే 269 స్ట్రైక్‌అవుట్‌లు చేసి, 1903 నుంచి క్రిస్టీ మాథ్యూసన్ పేరిట ఉన్న నేషనల్ లీగ్ రికార్డును దాటారు.

ఆయన ఆయుధాలు ప్రధానంగా రెండే. ఒకటి పైనుంచి కిందికి దించే విసురుతో వచ్చే ఫాస్ట్‌బాల్. బంతికి వెనక్కి తిరిగే గింగిరం బాగా ఉండడం వల్ల అది బ్యాటర్ అనుకున్నంత కిందికి దిగదు, అందుకే బ్యాట్ దానికింద గాలిలో తిరిగిపోయేది. రెండోది దానికి పూర్తిగా విరుద్ధంగా, ముందుకు తిరిగే గింగిరంతో ఛాతీ ఎత్తున వస్తూ వస్తూ మోకాళ్ల దగ్గరికి పడిపోయే కర్వ్‌బాల్. పొడవాటి వేళ్లు, పెద్ద అరచెయ్యి ఉండడం ఆ గింగిరానికి కలిసివచ్చింది. బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు ఆయన మోచేతులు పెట్టే తీరును బట్టి ఏ బంతి రాబోతున్నదో పసిగట్టవచ్చని ఎదుటి జట్లకు తెలుసు. తెలిసినా కొట్టలేకపోయేవారు.

1962 నుంచి 1966 దాకా వరసగా అయిదేళ్లు నేషనల్ లీగ్‌లో అతి తక్కువ పరుగుల సగటు ఆయనదే. 1963లో 25 గెలుపులు, 5 ఓటములు, 1.88 సగటు, 306 స్ట్రైక్‌అవుట్‌లు, ఎదుటి జట్టుకు పరుగే ఇవ్వని షటౌట్‌లు 11. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ తొలి ఆటలోనే న్యూయార్క్ యాంకీస్ బ్యాటర్లు 15 మందిని స్ట్రైక్‌అవుట్ చేసి సిరీస్ రికార్డు నెలకొల్పారు. నాలుగో ఆట కూడా తానే గెలిచి సిరీస్‌ను ముగించారు. ఆయన 25 ఆటలు ఎలా గెలిచాడో అర్థమైంది గాని అయిదు ఎలా ఓడాడో అర్థం కావడం లేదన్నారు యాంకీస్ క్యాచర్ యోగి బెర్రా. ఏడాదిలో ఉత్తమ పిచర్‌కు దక్కే సై యంగ్ అవార్డును రెండు లీగ్‌లకూ కలిపి ఒక్కటే ఇచ్చే ఆ రోజుల్లో 1963, 1965, 1966లలో మూడుసార్లూ ఒక్క ఓటు కూడా తప్పకుండా ఆయనకే వచ్చింది.

1962, 1963, 1964లలో ఏడాదికొక నో-హిట్టర్ వేసిన ఆయన, 1965 సెప్టెంబర్ 9 రాత్రి డాడ్జర్ స్టేడియంలో చికాగో కబ్స్ మీద పర్ఫెక్ట్ గేమ్ వేశారు. ఆ రాత్రి గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆ ఆటలో కోఫాక్స్‌తో పాటు మరో ఎడమచేతి పిచర్ కూడా అసాధారణంగా ఆడారు. కబ్స్ తరఫున వేసిన బాబ్ హెండ్లీ ఆట మొత్తంలో ఇచ్చినది ఒక్కటే హిట్, దాంతో పరుగు కూడా రాలేదు. డాడ్జర్స్‌కు వచ్చిన ఏకైక పరుగు అయిదో ఇన్నింగ్స్‌లో ఎలా వచ్చిందో చూడండి: లూ జాన్సన్‌కు ఉచితంగా మొదటి బేస్ దక్కింది, తరవాతి బ్యాటర్ బంతిని మెల్లగా తాకించి వదిలిన బంట్‌తో రెండో బేస్ చేరారు, పిచర్ బంతి వేస్తుండగానే పరుగెత్తి మూడో బేస్ దొంగిలించారు, ఆపబోయిన క్యాచర్ క్రిస్ క్రుగ్ విసిరిన బంతి పక్కకు పోవడంతో ఇంటికి వచ్చేశారు. 1-0. అంటే పర్ఫెక్ట్ గేమ్ మాట అటుంచి, కోఫాక్స్‌కు ఆట గెలవడానికి కూడా ఒక్క తప్పు చేసే వీల్లేదు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రాన్ శాంటో, ఎర్నీ బ్యాంక్స్, బైరన్ బ్రౌన్ ముగ్గురినీ స్ట్రైక్‌అవుట్ చేశారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో క్రుగ్, ఆ తరవాత జో అమాల్ఫిటానో, చివరగా హార్వీ క్యూన్. ఇందులో క్యూన్ ఒకప్పుడు అమెరికన్ లీగ్ బ్యాటింగ్ ఛాంపియన్. ఈ ముగ్గురూ కూడా స్ట్రైక్‌అవుటే. చివరి ఆరుగురిలో ఒక్కరి బ్యాట్ నుంచి కూడా బంతి మైదానంలోకి పోలేదు. మొత్తం 113 బంతులు, 14 స్ట్రైక్‌అవుట్‌లు. రేడియోలో విన్ స్కల్లీ అప్పుడు సమయం 9:46 అని, ప్రేక్షకులు 29,139 మంది అని చెప్పిన వ్యాఖ్యానం నేటికీ అమెరికాలో వినబడుతూనే ఉంటుంది. అయిదు రోజుల తరవాత చికాగోలో ఆ ఇద్దరు పిచర్లే మళ్లీ తలపడ్డారు. హెండ్లీ 2-1తో గెలిచారు. ఈ రెండో ఆటను కూడా కలుపుకుని చెబితేనే హెండ్లీకి న్యాయం జరుగుతుందని నా ఉద్దేశం.

ఇదంతా చేస్తున్న చేతి పరిస్థితి ఏమిటో ఇప్పుడు చూద్దాం. 1962లోనే అరచేతి రక్తనాళం దెబ్బతిని, చూపుడువేలు చల్లబడి, స్పర్శ కోల్పోయి, సీజన్ సగం పాడైంది. 1964 ఆగస్టులో మిల్వాకీలో రెండో బేస్‌కు వెనక్కి దూకుతూ ఆ మోచేతి మీదే పడ్డారు. కొన్నాళ్లకు మోచేయి మోకాలంత వాచింది. జట్టు వైద్యుడు రాబర్ట్ కెర్లన్ ఎక్స్‌రే తీసి, కీళ్ల అరుగుదల మొదలైందని తేల్చారు. 1965 వసంతంలో ఒక ఆట పూర్తిగా వేసిన మర్నాడు లేచి చూసుకుంటే చేయి లోపల రక్తం పేరుకుని నల్లగా కమిలిపోయి ఉంది. ఆటకు ముందు ఒంటికి మంట పుట్టించే క్యాప్సొలిన్ లేపనం, నొప్పికి కోడీన్ మాత్రలు, వాపుకు గుర్రాలకు కూడా వాడే బ్యుటాజోలిడిన్, అప్పుడప్పుడు మోచేతి కీలులోకే కార్టిజోన్ సూది. ఆట అయ్యాక టైరు లోపలి ట్యూబుతో చేసిన తొడుగు చేతికి వేసుకుని, మోచేతిని మంచునీళ్ల తొట్టిలో ముంచి కూర్చునేవారు. చేయి పూర్తిగా చాచడం కుదరక కోటు ఎడమ చేతిని పొట్టిగా కుట్టించుకోవలసి వచ్చింది. ఇంతటి బాధ భరిస్తూ 1965లో ఆయన వేసినవి 335కు పైగా ఇన్నింగ్స్, 382 స్ట్రైక్‌అవుట్‌లు. ఈనాడు ఏడాదికి 200 ఇన్నింగ్స్ వేసే పిచర్లే అరుదు.

ఆ చేయి ఎవరిదన్న ప్రశ్నకు ఆయన మొదటి సమాధానం 1965 అక్టోబర్ 6న వచ్చింది. మిన్నెసోటాతో వరల్డ్ సిరీస్ తొలి ఆట ఆ రోజే. యూదులు ఉపవాసంతో పాటించే ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్ కూడా ఆ రోజే. ఆయన మరీ నిష్ఠాపరుడేమీ కాదు, అయినా ఆ రోజు బంతి పట్టనన్నారు. ప్రకటనలు చేయలేదు, వాదించలేదు. ఆయన బదులు వేసిన డాన్ డ్రైస్‌డేల్ 8-2తో ఓడారు. మర్నాడు కోఫాక్స్ కూడా ఓడారు. యూదుడన్న కారణంతో హోటళ్లలో, క్లబ్బుల్లో చోటు దొరకని రోజులు అమెరికాలో ఇంకా అందరికీ గుర్తున్న కాలమది. దేశంలోకెల్లా పేరున్న పిచర్, దేశమంతా చూసే ఆటను తన సమాజపు పవిత్ర దినం కోసం వదులుకోవడం అమెరికా యూదులకు ఎంత ధైర్యాన్నిచ్చిందో ఈనాటికీ వారి మాటల్లో వినవచ్చు.

అయిదో ఆటను ఆయన 7-0తో గెలిచారు. అక్టోబర్ 14న నిర్ణాయకమైన ఏడో ఆటకు, రెండే రోజుల విరామంతో, మేనేజర్ వాల్టర్ ఆల్‌స్టన్ మళ్లీ ఆయనకే బంతినిచ్చారు. ఆ రోజు కర్వ్‌బాల్ మాట వినలేదు. రెండు ఆయుధాల్లో ఒకటి లేకుండా, క్యాచర్ జాన్ రోజ్‌బరో అడిగినన్నిసార్లు ఫాస్ట్‌బాల్ మాత్రమే వేసుకుంటూ పోయారు. రాబోయేది ఏమిటో ట్విన్స్ బ్యాటర్లకు తెలుసు. మూడు హిట్లు మాత్రమే దక్కాయి వాళ్లకు. పదిమంది స్ట్రైక్‌అవుట్ అయ్యారు, డాడ్జర్స్ 2-0తో గెలిచారు. నన్నడిగితే పర్ఫెక్ట్ గేమ్ కంటే ఇదే ఆయన గొప్ప ఆట.

రెండో సమాధానం 1966 వసంతంలో. ముందటి ఏడాది జట్టు గెలిచిన 97 ఆటల్లో 49 కోఫాక్స్, డ్రైస్‌డేల్ ఇద్దరివే. జీతాల దగ్గరికి వచ్చేసరికి యాజమాన్యం ఒకరికి రెండోవారి పేరు చెప్పి తగ్గించడానికి చూస్తున్నదని ఇద్దరికీ అర్థమైంది. అప్పటి ఒప్పందాల్లో రిజర్వ్ క్లాజ్ అనే షరతు ఆటగాణ్ని జీవితాంతం ఒకే జట్టుకు కట్టిపడేసేది. మరో జట్టుకు పోయే దారి లేదు. వారిద్దరూ కలిసి ఒకే మధ్యవర్తిని పెట్టుకుని, మూడేళ్లకు ఇద్దరికీ కలిపి పది లక్షల డాలర్లు అడిగి, శిక్షణకు వెళ్లడం మానేశారు. నెల గడిచాక రాజీ కుదిరింది: ఆ ఏడాదికి కోఫాక్స్‌కు 1,25,000, డ్రైస్‌డేల్‌కు 1,10,000 డాలర్లు. అడిగినంత రాలేదు. కానీ విడివిడిగా అడిగితే రానిది కలిసి అడిగితే వస్తుందని తక్కిన ఆటగాళ్లు కళ్లారా చూశారు. అదే ఏడాది మార్విన్ మిల్లర్ ఆటగాళ్ల సంఘం పగ్గాలు చేపట్టారు. 1975 చివర డాడ్జర్స్ పిచరే అయిన ఆండీ మెసర్‌స్మిత్ వివాదంలో వచ్చిన తీర్పుతో రిజర్వ్ క్లాజ్ కోరలు ఊడిపోయాయి.

మూడోది 1966 నవంబర్ 18. ఆ సీజన్‌లో ఆయన 27 గెలిచి 9 ఓడారు, సగటు 1.73, తన జీవితంలోనే ఉత్తమమైనది. విలేకరులను పిలిచి, ఆట మానేస్తున్నానని చెప్పారు. బేస్‌బాల్ తరవాత కూడా బతకవలసిన ఏళ్లు చాలా ఉన్నాయని, ఆ ఏళ్లు ఒంట్లోని అన్ని అవయవాల వాడకంతో బతకాలని ఉందని ఆయన చెప్పిన కారణం. అభిమానులకు అది పిడుగుపాటు. ఆ నిర్ణయాన్ని విషాదంగా చెప్పేవారితో నేను ఏకీభవించను. ఇన్నేళ్లూ ఆ చేతిని వాడుకున్నవారిలో దాన్ని చివరికంటా కాపాడాలని చూసినది దాని సొంతదారు ఒక్కరే.

1972లో, 36 ఏళ్లకే, బేస్‌బాల్ మేటి ఆటగాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు పొందారు. ఇప్పటికీ ఆయనకంటే చిన్న వయసులో ఎన్నికైనవారు లేరు. 1974లో, కెర్లన్ సహచరుడైన డాక్టర్ ఫ్రాంక్ జోబ్, డాడ్జర్స్‌కే చెందిన మరో ఎడమచేతి పిచర్ టామీ జాన్ మోచేతిలో ఎముకలను కలిపి ఉంచే, తెగిపోయిన బంధనానికి బదులు ముంజేతి నుంచి తీసిన స్నాయువును అమర్చారు. టామీ జాన్ 1989 దాకా ఆడారు, ఆ శస్త్రచికిత్సకు ఆయన పేరే స్థిరపడింది. ఈ శస్త్రచికిత్స పదేళ్లు ముందుగా వచ్చి ఉంటే దానికి సాండీ కోఫాక్స్ పేరే పడేదేమోనని జోబ్ స్వయంగా అనుకున్నారు.

ఇదే జట్టులో 2008 నుంచి 2025 దాకా ఆడిన క్లేటన్ కెర్షా కూడా ఎడమచేతి పిచరే. 3,000 దాటిన స్ట్రైక్‌అవుట్‌లు, మూడు సై యంగ్‌లు ఆయన సొంతం. 2022 ఏప్రిల్ 13న, కోఫాక్స్ ఏడో ఆట గెలిచిన మిన్నెసోటాలోనే, ట్విన్స్ మీద కెర్షా ఏడు ఇన్నింగ్స్‌లో 21 మందినీ వరసగా అవుట్ చేశారు. పర్ఫెక్ట్ గేమ్‌కు ఆరు అవుట్‌లే మిగిలాయి. వేసిన బంతులు 80 మాత్రమే. అయినా మేనేజర్ డేవ్ రాబర్ట్స్ ఆయన్ను ఆపేశారు, అందుకు కెర్షా కూడా ఒప్పుకున్నారు. ఆ రోజు చాలామంది అభిమానులు మండిపడ్డారు. కోఫాక్స్ ఎక్స్‌రేల సంగతి తెలిసినవాణ్ని కాబట్టి, నేను మాత్రం ఆ నిర్ణయం సరైనదేనంటాను.